ఫ్రెట్‌బోర్డ్‌కి వంపు: చిత్రికా, శాండింగ్ బ్లాకా, రౌటరా?

మొదటిసారి గిటార్ నెక్ చేసినప్పుడు ఫ్రెట్‌బోర్డ్‌కి, అంటే తీగల కింద వేళ్లు నొక్కే పలకకి, ఒక ఎబొనీ బద్ద తీసుకున్నాను. అడుగున వంపు చెక్కిన 200 మి.మీ. పొడవున్న రేడియస్ బ్లాక్‌కి 80 నంబరు శాండ్‌పేపర్ అంటించి, చదునుగా ఉన్న ఆ బద్ద మీద రుద్దడం మొదలుపెట్టాను. రెండు సాయంత్రాలు పట్టింది. భుజాలు పడిపోయాయి. మూడోరోజు గేజ్ పెట్టి చూస్తే వంపు అచ్చు గుద్దినట్టుంది. సంబరపడిపోయి, ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి పొడుగునా ఆనించి లైటుకి ఎదురుగా పట్టుకున్నాను. నడుమ ఆనింది. రెండు కొసల దగ్గర మాత్రం స్కేలు కింద నుంచి వెలుతురు సన్నగా కారుతోంది. అడ్డంగా చూస్తే గిటార్, నిలువుగా చూస్తే తాబేటి డిప్ప.

ఈ పనిలో ఎంచుకోవాల్సినవి చాలానే ఉన్నాయి: ఎంత వంపు, ఏ పనిముట్టు, ఫ్రెట్ల (బోర్డ్ మీద అడ్డంగా కొట్టే లోహపు కడ్డీల) గాడులు ముందా తర్వాతా, నెక్‌కి అతికించే ముందా తర్వాతా. అన్నిటికీ నేను వాడే కొలబద్ద ఒక్కటే. అడ్డంగా 0.1 మి.మీ. తేడా వస్తే మీ వేలికి తెలియదు, మీ గిటార్‌కీ తెలియదు. అదే 0.1 మి.మీ. పొడుగునా తేడా వస్తే యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) కొంచెం దించగానే ఫ్రెట్లు బజ్ అంటాయి. కాబట్టి ఏ పద్ధతిని చూసినా నేను అడిగేది "వంపు బాగా వస్తుందా" అని కాదు, "పొడుగునా తిన్నగా ఉంటుందా" అని.

ముందు అంకె సంగతి

రేడియస్ అంటే బడిలో చదువుకున్న వ్యాసార్థమే. 12 అంగుళాల రేడియస్ అంటే, 12 అంగుళాల వ్యాసార్థం ఉన్న పెద్ద గొట్టం పైనుంచి ఒక సన్న చీలిక కోసి తీసినట్టు. అంకె చిన్నదైతే వంపు ఎక్కువ, పెద్దదైతే చదును. పాత ఫెండర్ గిటార్లది 7.25 అంగుళాలు, ఈమధ్య వచ్చే ఫెండర్లలో ఎక్కువగా కనిపించేది 9.5. పీఆర్ఎస్‌ది 10, గిబ్సన్‌ది 12, మార్టిన్ అకూస్టిక్‌లది 16. క్లాసికల్ గిటార్‌కి మామూలుగా వంపే ఉండదు.

ఈ అంకెల మీద జనం గంటలకొద్దీ వాదించుకుంటారు. చెక్క మీద తేడా ఎంతో లెక్కేస్తే వాదన సగం చల్లారుతుంది. వెడల్పుని వెడల్పుతో గుణించి, రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగిస్తే, నడుమ కన్నా అంచు ఎంత కిందికి ఉంటుందో దాదాపుగా వస్తుంది. నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు 42 మి.మీ. అనుకుందాం. 7.25 అంగుళాల వంపులో అక్కడి అంచు 1.2 మి.మీ. కిందికి ఉంటుంది. 9.5లో 0.9, 12లో 0.72, 14లో 0.62, 16లో 0.54. చివరి ఫ్రెట్ వైపు వెడల్పు 56 మి.మీ. ఉంటే అవే అంకెలు వరసగా 2.1, 1.6, 1.3, 1.1, 0.96 అవుతాయి.

ఇప్పుడు చూడండి. నట్ దగ్గర 12కీ 14కీ మధ్య తేడా 0.1 మి.మీ. అంటే మామూలు కాగితం మందం. చేత్తో పట్టుకుని "ఇది పన్నెండు, ఇది పధ్నాలుగు" అని చెప్పగలిగేవాళ్లు ఉంటే వాళ్లకో దండం. 7.25కీ 12కీ మధ్య అర మి.మీ. ఉంది కాబట్టి అది తెలుస్తుంది. పట్టే కార్డ్‌లు ఎక్కువైతే, బొటనవేలు నెక్ మీదుగా పైకి వచ్చే చెయ్యి అయితే, 7.25 నుంచి 9.5 దాకా హాయిగా ఉంటుంది. సోలోలు, పెద్ద బెండ్‌లు (తీగని పక్కకి తోసి స్వరం పెంచడం), తక్కువ యాక్షన్ కావాలంటే 12, అంతకు పైన.

బెండ్ దగ్గర జరిగేది ఇదీ. సన్నతీగని పైఫ్రెట్లలో నొక్కి నడుమకి తోస్తే, నొక్కినచోట తీగ వంపు నెత్తిమీదికి ఎక్కుతుంది. బ్రిడ్జి దగ్గర మాత్రం అది అంచు శాడిల్ (తీగ ఆనే దిమ్మె) మీదే, కిందనే ఉంటుంది. నెత్తి నుంచి పల్లానికి దిగే ఆ దారిలో, నొక్కినచోటికి బ్రిడ్జి వైపున్న రెండు మూడు ఫ్రెట్లకి తీగ దాదాపు తగులుతుంది. తగిలితే స్వరం టక్కున చచ్చిపోతుంది. వంపు ఎంత ఎక్కువైతే ఈ ఇబ్బంది అంత ఎక్కువ. 7.25 నెక్‌ల మీద యాక్షన్ కాస్త ఎత్తుగా పెట్టుకునేది ఇందుకే.

ఇంకా తేల్చుకోలేకపోతే బ్రిడ్జిని అడగండి, అదే చెబుతుంది. ఆరు శాడిల్స్‌నీ విడివిడిగా ఎత్తుకోగలిగే బ్రిడ్జి అయితే ఏ అంకైనా సరే. ట్యూనోమాటిక్ లాంటి బ్రిడ్జి అయితే దాని వంపు ముందే ఖాయమై ఉంటుంది, చాలావరకు 12 చుట్టుపక్కల. తాళం వేసే నట్ ఉన్న ట్రెమొలో (మీటతో తీగల బిగువు మార్చే బ్రిడ్జి) అయితే ఆ నట్ వంపు కూడా ఉక్కులోనే వచ్చేసి ఉంటుంది. 16 అంగుళాల బోర్డ్ చేసి 10 అంగుళాల నట్ బిగిస్తే నడిమి తీగలు ఎత్తుగా వేలాడతాయి. బ్రిడ్జి కొన్నాకే బోర్డ్ ముట్టుకోండి.

మొదటి బోర్డ్‌కి నా సలహా 12. బ్లాక్‌లూ గేజ్‌లూ తేలిగ్గా దొరికే అంకె ఇది. గాడుల లోతు దగ్గర తంటా తక్కువ. బెండ్‌లకి సరిపోతుంది, కార్డ్‌లకి అడ్డురాదు.

గొట్టమా, శంఖమా

నట్ దగ్గర 10తో మొదలై చివరికి 16 అయ్యే బోర్డ్‌లు ఉంటాయి, కాంపౌండ్ రేడియస్ అంటారు. మొదటిది గొట్టం ముక్క అయితే ఇది కోన్ ముక్క. కింద కార్డ్‌లకి గుండ్రం, పైన బెండ్‌లకి చదును. రెండూ దక్కుతాయి కాబట్టి ఆశ పుట్టడం సహజం.

కానీ శాండింగ్ బ్లాక్‌తో నేరుగా ఇది రాదు. బ్లాక్‌ది ఒక్కటే వంపు, పొడుగునా అదే చెక్కుతుంది. కోన్ కావాలంటే రెండు కొసల్లో వేర్వేరు అచ్చులున్న రౌటర్ జిగ్ (తిరిగే బిట్‌తో చెక్కే యంత్రానికి కట్టే చట్రం) కావాలి, లేదా చిత్రికతో చేతిపని చేయాలి.

గొట్టం వంపు తప్పని, తీగలు విచ్చుకుంటూ పోతాయి కాబట్టి వాటి కింద ఉబ్బు వస్తుందని కొందరు అంటారు. ఉబ్బు వచ్చేమాట నిజమే, కానీ ఎంత? బయటి తీగ నడిమి గీత నుంచి నట్ దగ్గర 17.5 మి.మీ., బోర్డ్ చివర 24 మి.మీ. దూరంలో ఉంటే, 10 అంగుళాల వంపులో ఆ తీగ కింద ఉబ్బు 0.02 మి.మీ. 7.25లో 0.03. ఫ్రెట్లు కొట్టాక వాటి తలలు సమం చేసేటప్పుడు తిన్నని బీమ్‌ని తీగల దారిలోనే నడిపితే ఆ ఉబ్బు అక్కడే పోతుంది. అందువల్ల ఇంట్లో మొదటి బోర్డ్ చేసుకునేవాళ్లు కాంపౌండ్ గురించి టెన్షన్ పడాల్సిన పనిలేదు. మూడో బోర్డ్‌కి చూసుకోవచ్చు.

శాండింగ్ బ్లాక్: పొడవే అసలు సంగతి

అందరూ మొదట కొనేది ఇదే. అడుగున పుటాకారంగా చెక్కిన దిమ్మె, దానికి శాండ్‌పేపర్, అంతే. బెదరాల్సింది ఏమీ లేదు, కరెంటు అక్కర్లేదు, తప్పు జరిగినా మెల్లగా జరుగుతుంది. వంపు దానంతట అదే వస్తుంది.

అయితే బ్లాక్‌లు మూడు రకాల పొడవుల్లో వస్తాయి, సుమారు 100, 200, 400 మి.మీ. పైన. చవగ్గా వస్తుందని చిన్నది కొంటే నా తాబేటి డిప్పే మీకూ వస్తుంది. 648 మి.మీ. స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) మీద 22 ఫ్రెట్ల బోర్డ్ పొడవు సుమారు 466 మి.మీ. దాని మీద 200 మి.మీ. బ్లాక్ ముందుకీ వెనక్కీ పోతుంటే, కొసల దగ్గర సగం గాల్లోకి వేలాడుతుంది. మన చెయ్యి తెలియకుండానే దాన్ని కిందికి నొక్కుతుంది. కొస అరుగుతుంది. పైగా పొట్టి బ్లాక్ బోర్డ్‌లో ఉన్న ఎత్తుపల్లాల్లోకి దిగి వాటినే అనుసరిస్తుంది, సరిచేయదు. 400 దాటిన బ్లాక్ గుంటల మీదుగా వంతెనలా పోతుంది, ఎత్తులనే ముందు కోస్తుంది. ధర ఎక్కువే. అయినా ఒక్క బ్లాక్ కొనేటట్టయితే పొడుగుదే కొనండి. పొట్టిది ఫ్రెట్లు మార్చేటప్పుడు అక్కడక్కడా సరిచేయడానికి పనికొస్తుంది, బోర్డ్ పుట్టించడానికి కాదు.

చెక్క బ్లాకా, అల్యూమినియందా? చెక్కది తేలిక, చవక, కానీ తేమకి అదే వంగిపోవచ్చు. కొన్నరోజే స్కేలు పెట్టి చూడండి, ఆరునెలలకోసారి మళ్లీ చూడండి. అల్యూమినియందానికి ఈ బెడద లేదు. దానికదే బరువుగా ఉంటుంది కాబట్టి మీరు నొక్కాల్సిన పని కూడా తగ్గుతుంది. శాండ్‌పేపర్ మందం వల్ల వంపు మారదా అని కొందరు తలపట్టుకుంటారు. టేపూ కాగితం కలిపి అర మి.మీ. అనుకున్నా 305 మి.మీ. వంపు 304.5 అవుతుంది. దాని గురించి ఆలోచించడం మానేయండి.

రుద్దేటప్పుడు ఇంకో ప్రమాదం, బ్లాక్ పక్కకి తిరగడం. బ్లాక్ నడిమి గీత బోర్డ్ నడిమి గీతతో కలవకపోతే వంపు నెత్తి ఒక పక్కకి జరుగుతుంది. అప్పుడు ఒక అంచు పలచగా, ఒకటి మందంగా కనిపిస్తాయి. దీనికి విరుగుడు తేలిక. బోర్డ్‌ని చదునైన పలక మీద డబుల్ టేప్‌తో అంటించి, రెండు పక్కలా బ్లాక్ వెడల్పుకి సరిపోయేలా రెండు బద్దలు కొట్టండి. పట్టాల మీద రైల్లా బ్లాక్ తిన్నగా పోతుంది. బద్దల ఎత్తు బ్లాక్‌ని ఆనకుండా చూసుకోండి, పక్కలు మాత్రమే పట్టాలి.

ముందు బోర్డ్ అంతా పెన్సిల్‌తో గజిబిజిగా గీయండి, ఎబొనీ అయితే తెల్ల పెన్సిల్‌తో. మొదట రెండంచుల గీతలు పోతాయి, నడుమ గీతలు నిలుస్తాయి. ఎందుకో ఒకసారి బ్లాక్ చూసి ఆలోచించండి: చదును బద్ద మీద పుటాకార బ్లాక్ పెడితే ఆనేది దాని రెండు అంచులే. అవి లోపలికి తినుకుంటూ వస్తాయి. నడుమ సన్నగా మిగిలిన పెన్సిల్ చార రోజురోజుకీ ఇంకా సన్నబడుతుంది. అది పోయే ముందు చప్పుడు మారుతుంది. అప్పటిదాకా గీరుతున్నట్టు కరకరలాడిన శబ్దం కాస్త బరువుగా, నిండుగా, ఒకే శ్రుతిలో వస్తుంది. బ్లాక్ వెడల్పంతా కూర్చుందని అర్థం. అక్కడ ఆపండి. చారని పూర్తిగా చెరిపేయాలన్న తొందరలో ఇంకో పాతిక సార్లు రుద్దితే బోర్డ్ మందం పోవడం తప్ప లాభం లేదు.

కాగితం మొద్దుబారగానే మార్చేయాలి. మొద్దు కాగితంతో పని నడిపిద్దామని నొక్కితే బ్లాక్ ఊగుతుంది, ఊగితే అంచులు గుండ్రబడతాయి. రోజ్‌వుడ్‌లో నూనె ఉంటుంది కాబట్టి కాగితం పూడిపోతుంది, ఇంకా తరచుగా మార్చాలి.

చిత్రిక: భయపడేది ఎక్కువ, జరిగేది తక్కువ

పన్నెండంగుళాల వంపుకి చివరి ఫ్రెట్ అంచున తీయాల్సిన చెక్క 1.3 మి.మీ. పదునున్న చిత్రిక ఒక్కసారికి 0.1 మి.మీ. పొర తీస్తుంది. అంటే అన్నిటికన్నా ఎక్కువ తీయాల్సిన చోట కూడా పదమూడు సార్లు తోస్తే అయిపోయే పని. అదే పనిని 80 నంబరు కాగితంతో ఎబొనీ మీద చేయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. చిత్రికతో తర్వాతి బోర్డ్‌కి అరగంట పట్టలేదు. గాలిలో దుమ్ము కూడా లేదు, పొరలు చుట్టలుచుట్టలుగా కింద పడ్డాయి.

ఇంకో లాభం, మొదట చెప్పిన కొలబద్ద ప్రకారం ఇదే ముఖ్యమైనది. చిత్రిక అడుగు తిన్నని ఇనుము. పొడుగునా తోస్తే దానికి తెలిసిన పని ఒకటే, తిన్నగా కోయడం. పొడవు తిన్నగా వస్తుంది, అడ్డం వంపు మన బాధ్యత. శాండ్‌పేపర్ బ్లాక్‌తో దీనికి సరిగ్గా తలకిందులు: వంపు దానికదే వస్తుంది, పొడవు మన బాధ్యత. పొడుగునా తప్పే ఖరీదైనది కాబట్టి నేను చిత్రిక వైపు మొగ్గుతాను.

చేసే తీరు ఇదీ. అట్టముక్క మీద రేడియస్ గీసి కత్తిరించి, బోర్డ్ రెండు కొసల మీదా ఆ వంపు గీసుకోండి. పైన పొడుగునా నడిమి గీత, దానికి రెండు పక్కలా వెడల్పులో మూడో వంతు దగ్గర ఒక్కో గీత. బయటి రెండు మూడో వంతుల్నీ ఏటవాలుగా కోసి, కొసమీది గీతని తాకేదాకా దించండి. ఇప్పుడు బోర్డ్‌కి మూడు ముఖాలున్నాయి. ముఖాలు కలిసే గుట్టల మీద మళ్లీ సన్నగా తోస్తే ఐదవుతాయి. ఆ గుట్టల్ని కూడా తోస్తే తొమ్మిది. అక్కడికి వచ్చాక వేలితో అడ్డంగా తడిమినా ముఖాలు తెలిసీ తెలియనట్టుంటాయి. ఇక బ్లాక్ తీసుకుని 120తో పదిహేను నిమిషాలు రుద్దితే సరి.

లోపాలు చెప్పకపోతే మోసం అవుతుంది. చిత్రిక పదును పెట్టడం రావాలి. మొద్దు చిత్రికతో ఈ పని చేయకండి, దానికన్నా శాండ్‌పేపరే నయం. గ్రెయిన్ మెలికలు తిరిగిన చెక్క, మరీ ముఖ్యంగా అలల్లాంటి చారలు పడ్డ మేపుల్, ఎదురు తోస్తే పెచ్చులుగా లేస్తుంది. అలాంటి చోట స్క్రేపర్ (గీకే ఉక్కు రేకు) వాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్రెట్ గాడులు ముందే కోసిన బోర్డ్ మీద చిత్రిక పెడితే గాడి అంచు ఊడే ప్రమాదం ఉంది. నాకొక రోజ్‌వుడ్ బోర్డ్‌లో ఏడో గాడి దగ్గర బియ్యపు గింజంత పెచ్చు ఎగిరిపోయింది. దాన్ని దీపం పెట్టి వెతికి, దొరికితే జిగురుతో అంటించాను.

రౌటర్ జిగ్: ఎన్ని బోర్డ్‌లు చేస్తారు?

రౌటర్ ఒక ఊయల లాంటి బండి మీద కూర్చుని, వంపు అచ్చుల మీద పక్కలకి ఊగుతూ, పొడుగునా జరుగుతూ బోర్డ్‌ని చెక్కుతుంది. లేదా రౌటర్ కదలకుండా ఉంటే బోర్డే ఊగుతుంది. రెండూ ఒకటే లెక్క. అచ్చు వంపు బోర్డ్ వంపు కాదని గుర్తుంచుకోవాలి. అచ్చు ఆనే చోటు బోర్డ్ పైతలం కన్నా 60 మి.మీ. పైన ఉంటే, 305 కావాల్సినచోట అచ్చుకి 365 ఇవ్వాలి. ఇది మరిచిపోయి జిగ్ అంతా కట్టి, మొదటి బోర్డ్ చెక్కాక తెల్లబోయేవాళ్లు తక్కువేమీ కాదు.

చదును అడుగున్న బిట్ మెట్లు వదులుతుంది కదా అని అడుగుతారు. ఒక్కో వరసకి 5 మి.మీ. జరిపితే మిగిలే గుట్ట ఎత్తు 0.01 మి.మీ. 120 నంబరు కాగితం నాలుగు సార్లు తగిలితే కనిపించదు. ఒక్కో విడతకి అర మి.మీ. మించి లోతు దించకండి, గట్టి చెక్క అంచులు ఎగిరిపోతాయి.

కాంపౌండ్ కావాలంటే ఇదే రాజమార్గం, రెండు కొసల్లో రెండు అచ్చులు పెడితే చాలు. అయితే జిగ్ కట్టడానికే ఒకటి రెండు వారాంతాలు పోతాయి. పట్టాలు పొడుగునా ఎంత తిన్నగా ఉంటే బోర్డ్ అంతే తిన్నగా వస్తుంది. పట్టాలు నడుమ అర మి.మీ. కుంగితే బోర్డ్‌లోనూ అర మి.మీ. కుంగుతుంది, ప్రతి బోర్డ్‌లోనూ. శబ్దం, దుమ్ము సరేసరి. ఏడాదికి ఒకటి రెండు గిటార్లు చేసేవాళ్లకి ఇది దండగ అని నా అభిప్రాయం. జిగ్ కట్టడమే సరదా అనిపించేవాళ్లని ఆపే హక్కు నాకు లేదు.

బెల్ట్ శాండర్ ముందు నెక్‌ని ఊయలలా వేలాడదీసి చేసే పద్ధతి కూడా ఉంది. వేగం చాలా ఎక్కువ, ఒక్క క్షణం ఆగితే గుంట పడుతుంది, చెక్క మాడుతుంది. ఇంట్లో వద్దు.

వంపు పెట్టి అమ్మే బోర్డ్ కొంటే?

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటి గిటార్‌కి నెక్ జాయింటు, ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల పెట్టే కడ్డీ), ఫ్రెట్లు అన్నీ కొత్తవే అయినప్పుడు ఒక తలనొప్పి తగ్గించుకోవడం తెలివైన పనే. కొనేముందు స్కేల్ పొడవు, వంపు, గాడి వెడల్పు మీ ఫ్రెట్ వైర్‌కి సరిపోతుందా అన్న మూడూ చూసుకోండి. అయితే అతికించాక పొడుగునా సరిచేయక తప్పదు. అంటే పొడుగు బ్లాక్ ఎలాగూ కొనాల్సిందే. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

గాడులు ముందా, వంపు ముందా

బోర్డ్ చదునుగా, అంచులు సమాంతరంగా ఉన్నప్పుడు గాడులు కోయడం అన్నిటికన్నా సులువు. మూలమట్టం ఆనించడానికి తిన్నని అంచు ఉంటుంది, రంపం లోతు అంతటా ఒకేలా వస్తుంది. బ్లాక్‌తో మాత్రమే చేసేవాళ్లు ముందే కోసేయండి. చిత్రిక పట్టేవాళ్లు మాత్రం, పెచ్చుల భయం వల్ల, ముందు చిత్రిక, తర్వాత గాడులు, ఆఖరున బ్లాక్. అడుగు చదునుగానే ఉంటుంది కాబట్టి మైటర్ బాక్సులో వంపు బోర్డ్ కూడా నిలకడగా కూర్చుంటుంది.

ముందే కోస్తే ఒక లెక్క మరవకూడదు. గాడి అడుగు చదును, పైన వంపు. నడుమ 3 మి.మీ. లోతున్న గాడి 12 అంగుళాల వంపు పెట్టాక చివరి ఫ్రెట్ అంచున 1.7 మి.మీ. మిగులుతుంది. ఫ్రెట్ వైర్ కాలు చాలావాటికి 1.5 నుంచి 2 మి.మీ. మధ్య ఉంటుంది కాబట్టి అది అంచుకి అంచు బొటాబొటీ. అదే 7.25 అంగుళాలైతే మిగిలేది 0.9, ఫ్రెట్ అంచులు కూర్చోనే కూర్చోవు, ఎంత సుత్తితో కొట్టినా లేచే ఉంటాయి. అందుకే వంపయ్యాక ప్రతి గాడినీ మళ్లీ రంపంతో దించాలి. గాడిలో ఇరుక్కున్న దుమ్ముని గీకి తీసి కొలవండి, లేకపోతే దుమ్ము లోతునే కొలుస్తారు.

బోర్డ్‌లో చిప్ప పొదిగే పని ఉంటే ఇదే లెక్క ఇంకోలా కొరుకుతుంది. నడుమ చుక్కలకి భయం లేదు. 40 మి.మీ. వెడల్పున్న ముత్యపు చిప్ప బ్లాకులు చదునుగా పొదిగితే, 12 అంగుళాల వంపులో వాటి అంచు 0.66 మి.మీ. అరుగుతుంది. చిప్ప మందం 1.3 అయితే సగం మిగిలింది, ఫర్వాలేదు. 7.25 అంగుళాల్లో 1.1 పోతుంది. మిగిలిన 0.2లోంచి కింది జిగురు రంగు కనిపిస్తుంది. అంత వంపు కావాలంటే వంపు పెట్టాకే పొదగాలి, లేదా చిప్పని ముక్కలుగా పెట్టాలి.

ఇంకో చిన్న ఎంపిక. బోర్డ్‌ని ముందే నెక్ ఆకారానికి సన్నగా కోయాలా, దీర్ఘచతురస్రంగా ఉంచి వంపు పెట్టాలా? దీర్ఘచతురస్రంగా ఉంటే అంచులు సమాంతరం, బ్లాక్‌కి దారి దొరుకుతుంది. 70 మి.మీ. వెడల్పయితే అంచున 2 మి.మీ. తీయాలి, పని పెరుగుతుంది. చిత్రికతో అయితే ఆ పని లెక్కలోది కాదు, నేను అలాగే ఉంచుతాను. బ్లాక్ ఒక్కటే ఉంటే ముందే కోసేసి, పక్క బద్దలు పెట్టుకోవడం మేలు.

అతికించే ముందా, తర్వాతా

చదును బోర్డ్‌ని అతికించడం హాయి, క్లాంపు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. వంపు బోర్డ్‌కి పైన అదే వంపున్న ఎదురుదిమ్మె కావాలి, లేకపోతే క్లాంపు జారుతుంది. అటు చూస్తే, అతికించాక వంపు పెట్టాలంటే నెక్ మొత్తాన్ని కదలకుండా పట్టుకోవాలి, పొరపాటు జరిగితే పోయేది బోర్డ్ ఒక్కటే కాదు.

పైగా నీటి జిగురులోని తేమ చెక్కకి ఎక్కి బోర్డ్‌ని కొద్దిగా వంచుతుంది. ముందే ఎంత తిన్నగా చేసినా అతికించాక అది అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. నేను చేసేది రెంటికీ మధ్యది. విడిగా ఉన్నప్పుడే వంపు దాదాపు పూర్తిచేసి, మందంలో 0.3 మి.మీ. మిగిలిస్తాను. అతికించాక కొన్ని రోజులు వదిలేసి, ట్రస్ రాడ్‌ని ఏ పక్కకీ లాగని స్థితిలో పెట్టి, స్కేలు ఆనించి చూసుకుంటూ పొడుగు బ్లాక్‌తో ఆ 0.3ని తీస్తాను. ఎంత చూసుకున్నా ఆ చివరి పనిలోనే బోర్డ్ నిజంగా తిన్నబడుతుంది. 120, 180, 240, 320 వరసలో, ఏదీ ఎగరగొట్టకుండా. 80 వదిలిన గీతలు 180తో పోవు, ఫ్రెట్లు కొట్టాక వాటి మధ్యన వెక్కిరిస్తూ కనిపిస్తాయి.

మరి ఎవరికి ఏది

జీవితంలో ఒక్క గిటార్ చేస్తే చాలనుకునేవాళ్లు వంపు పెట్టిన బోర్డ్ కొనుక్కుని, పొడుగు బ్లాక్ ఒకటి తీసుకోండి. చిత్రిక పదును పెట్టడం ముందే వచ్చినవాళ్లు ఇంకేమీ ఆలోచించక్కర్లేదు: చిత్రికతో ముఖాలు, బ్లాక్‌తో ముగింపు. చిత్రిక చేతకానివాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు పొడుగు బ్లాక్, పక్క బద్దలు, దండిగా 80 నంబరు కాగితం పెట్టుకోండి. మేపుల్, రోజ్‌వుడ్‌లతో మొదలుపెట్టండి, ఎబొనీతో కాదు. ఏడాదికి ఐదారు నెక్‌లు చేసేవాళ్లు, కాంపౌండ్ కావాల్సిందే అనేవాళ్లు రౌటర్ జిగ్ కట్టుకోండి. చెక్కని అట్టిపెట్టి ముందు పనికిరాని బద్ద మీద ఒకసారి చేసి చూసుకోండి, ఏ పద్ధతైనా సరే.

ఏది ఎంచుకున్నా ముక్కుకి మంచి మాస్క్ మాత్రం తప్పదు. రోజ్‌వుడ్, ఎబొనీ దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది తెస్తుంది. ఒకసారి పడకపోతే తర్వాత ప్రతిసారీ పడదు. ఊడ్చే ముందు మాత్రం 240 కాగితం కింద రాలిన సన్నపొడిని చిటికెడు తీసి చిన్న డబ్బాలో దాచుకోండి. ఫ్రెట్లు కొట్టాక గాడి కొసల్లో మిగిలే సందుల్ని పూడ్చడానికి అదే బోర్డ్ పొడిని జిగురుతో కలిపి పెడితే, ఏ రెడీమేడ్ ఫిల్లర్ రంగూ అంత దగ్గరగా కలవదు.